తూటా యెన్నిక



తుపాకి కొనువాడు తుపాకిని గూర్చి పదిదినము లాలోచించును; తూటాలను గూర్చి అంగడిబల్ల యొద్ద పది నిమిషములైనను ఆలోచింపడు. కాని మృగమును తాకునది తుపాకి కాదు, గుండు. ఈ సంగతి నాకు బోధపడినది అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రమందలి యొక చిన్న యూరిలో నివసించిన కాలమున.

మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము జింకవేటను నిషేధించినది. అచ్చట స్థితి వేరు. తెల్లతోక జింకలు లక్షలకొలది గలవు. వాని సంఖ్యను అదుపులో నుంచుటకు ప్రభుత్వమే వేటను అనుమతించును. తుపాకి వేటకు ముఖ్యమైన గడువు నవంబరులో తొమ్మిది దినములు. తాతలు, తండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని అడవికి పోవుదురు.

మా పొరుగున నొక వృద్ధుడుండెను. ఆయన మనుమనికి పండ్రెండేండ్లు. తొలియేట ఆయన తన పాత రైఫిలునే బాలుని చేతికిచ్చెను. అది 1906లో సైన్యము కొరకు ఏర్పడిన థర్టీ-ఆట్-సిక్స్ తూటాను కాల్చునది. దానిలో పెట్టిన గుండు 180 గ్రెయినులు, అనగా సరిగా మన పాత తులమెత్తు. సాధకము చేయునప్పుడే తుపాకి వాని భుజమును గట్టిగా తన్నెను. రెండవమారు మీటనొక్కునప్పుడు వాడు కన్నులు మూసికొనెను. అడవిలోను అట్లే జరిగినది. రొమ్మున తగులవలసిన గుండు పొట్టను తగిలెను. నేనును దీపము పుచ్చుకొని వారితోకూడ వెదకితిని. మంచుపై నెత్తుటి చుక్కలు కొంతదూరము కనబడి, చిత్తడినేలలో మాయమైనవి. జింక ఆ రాత్రి దొరకలేదు; మరునాడును దొరకలేదు. బాలుడు భోజనము చేయక పరుండెను.

మరుసటియేట ఆ తాత నన్ను తోడు తీసికొని అంగడికి పోయెను. ఆనాడు ఆయన విచారించిన సంగతులను వరుసగా మనవిచేసెదను.

మొదటిది తుపాకి తన్ను. గుండు బరువైనకొలది, మందు హెచ్చినకొలది, తుపాకి తేలికయైనకొలది తన్ను హెచ్చును. అందుచే ఆయన టూ-ఫార్టీ-త్రీ విన్చెస్టరు తూటాను కాల్చు రైఫిలును ఎన్నుకొనెను. అది 1955లో వెలువడినది. గుండు అడ్డుకొలత అంగుళములో వేయింట 243 పాళ్లు. సమానమైన బరువుగల తుపాకులలో దీని తన్ను పాతదానిలో సుమారు సగము. చెవులకు రక్షణనుకూడ కొనెను. పిల్లలు తన్నునకెంత జంకుదురో మ్రోతకును అంతే జంకుదురు.

రెండవది గుండు బరువు. ఒకే తుపాకికి 55 గ్రెయినుల గుండును దొరకును, 100 గ్రెయినుల గుండును దొరకును. తేలికవి చిన్నజంతువుల కుద్దేశింపబడినవి. జింక బుజపుటెముక తగిలినచో పైపైననే చిట్లి, లోతునకు పోక, ఘోరమైన గాయము మాత్రము చేయగలవు. సీసపు గుండైనచో జింకకు 90 మొదలు 100 గ్రెయినులు, అనగా అరతులమునకు కొంచెము పైగా, తగియుండును.

మూడవది గుండు నిర్మాణము. సైనికుల గుండునకు కొనవరకు రాగితొడుగుండును. అది విప్పారక దూసికొనిపోవును. వేటగుండునకు కొనయందు మెత్తని సీసము బయటనుండును. తగిలినంతనే పుట్టగొడుగువలె విప్పారును. కలకత్తా సమీపమునగల డమ్‌డమ్‌లో 1890ల ప్రాంతమున ఇట్టి గుండ్లనే చేసిరి. 1899లో హేగు నగరమున జరిగిన సమావేశము వానిని యుద్ధమునందు నిషేధించినది. అమెరికాలోని పలు రాష్ట్రములలో జింకవేటకు విప్పారు గుండే చట్టము. యుద్ధమున క్రూరమైనది వేటయందు దయ యెట్లయ్యెను? గాయపడిన సైనికునకు వైద్యుడు కలడు; గాయపడిన జింకకు లేడు.

నాల్గవది లోహము. సీసపు గుండు విరిగినపుడు కంటికానని తునుకలు మాంసమున చెదరును. సీసము పిల్లలకు విశేషముగా హానికరము. వేటగాండ్రు విడిచిన కళేబరములను తిని కాలిఫోర్నియా కాండరు గ్రద్దలును సీసవిషముచే చచ్చినవి. 1982 నాటికి లోకమంతటను ఆ జాతి పక్షులు 22 మాత్రమే మిగిలినవి. కాలిఫోర్నియా రాష్ట్రము 2019 జూలై 1 నుండి వేటలో సీసపు తూటాలను పూర్తిగా మాన్పించినది. ఆ తాత యింట చిన్న మనుమరాలు గూడ కలదు. కావున వెల హెచ్చైనను అచ్చముగా రాగితో చేసిన గుండునే కొనెను. రాగి సీసముకంటె తేలిక. కాని రాగిగుండు విప్పారియు బరువు కోల్పోదు. కాబట్టి 80, 85 గ్రెయినులదైనను జింకకు చాలును.

కడపటిది పరీక్ష. తుపాకి గొట్టముపైని పేరును, తూటా అడుగునగల పేరును ఒకటియగునో కాదో ముందు చూడవలెను. పిదప రెండుమూడు రకముల తూటాలు కొని, నూరుగజముల దూరమున ఒక్కొక్కదానితో మూడేసిమారులు కాల్చవలెను. ఒక తుపాకికి నచ్చినది మరొకదానికి నచ్చదు. గుండ్లు దగ్గర దగ్గరగా పడిన రకమునే స్థిరపరచుకొని, గురి సరిచేసిన తరువాత మరి మార్చరాదు. జింక గుండెయు ఊపిరితిత్తులును ఉండు చోటు జానెడు మాత్రమే. బాలుడు ఎంత దూరమునుండి ప్రతి గుండును ఆ జానెడులో నిలుపగలడో, అంతయే వాని హద్దు.

ఆ నవంబరున వాడు రెండుమారులు తుపాకియెత్తి కాల్చక దించెను. ఒక జింక హద్దునకావల నుండెను. మరొకటి పొదచాటున నుండెను. మూడవనాడు ఒక్క గుండు కాల్చెను. జింక నలువది అడుగులైనను పోక కూలెను. వాడు కేక వేయలేదు. దానియొద్ద చాలసేపు ఊరక కూర్చుండెను. నిరుటి జింకను తలచుకొనెనని తాత నాతో చెప్పెను.

పిల్లవానికి తూటా నెన్నువారు, “ఇది జింకను చంపునా?” యని అడుగుదురు. “వీడు దీనిని కన్నులు తెరచి కాల్చగలడా?” యని ముందుగా అడుగవలయును.