మగ్గమునకు చోటున్న యిల్లు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



నిలువనీడను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. విద్యానిధిని గూర్చియు, కల్యాణమంటపమును గూర్చియు మాటలాడుటకు నాకన్న సమర్థులు ఈ సభలో పెక్కురు కలరు. ఇండ్ల విషయమున మాత్రము నాకు కొంత యనుభవము కలదు. ఆ యనుభవములో నా తప్పును కొంత కలదు. దానిని దాపక చెప్పుదును.

ఇల్లు విడుచుట యెట్టిదో మన చీరాల పేరాలలకు వేరుగ చెప్పనక్కరలేదు. 1919లో పురపాలక సంఘ మేర్పడి పన్నుల భారము పెరుగగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఊరు విడిచి, రామనగరమను పేర పాకలు వేసికొని, సుమారు 11 నెలలు ఎండకును వానకును ఓర్చి నివసించిరి. నాటివారు ఒక నియమముకొరకు ఇండ్లు విడిచిరి. నేడు మనవారిలో పలువురు ఇల్లు లేక మగ్గమును విడుచుచున్నారు. ఈ రెంటికిని గల భేదమును మీరు మనస్సున నుంచుకొన వేడెదను.

ఈ మహాసభకు ముందు మేము కొందరము నేతపేటలలో ఇంటింటికి తిరిగి, “మీకు ఎట్టి యిల్లు కావలెను?” అని యడిగితిమి. ఒక వృద్ధుడు నవ్వి, “బాబూ! నేను అరుగుమీదనైనను పండుకొందును. మగ్గము అరుగుమీద పండుకొనదు గదా!” అనెను. ఈ యొక్క మాటలో మన సమస్య యంతయు నిమిడియున్నది. తక్కినవారికి ఇల్లు విశ్రమించు చోటు. నేతగానికి అదియే కార్ఖానా. గుంటమగ్గమునకు నేలలో గుంట కావలెను, పడుగు చాచుటకు నిడివి కావలెను, రాట్నమునకు మూల కావలెను. భార్య కండెలు చుట్టును, తల్లి చిక్కులు తీయును, భర్త నేయును. ఇంటిల్లిపాది చేతులు కలిసిననే గాని చీర దిగదు.

వేరొక సోదరి యిట్లు చెప్పెను: “ఊరికి దూరముగ స్థలమిచ్చిరి. సంతోషమే. కాని నూలు తెచ్చుటకును, చీర యప్పగించుటకును ఆటో యెక్కవలెను. నేను కండెలు చుట్టిన కూలి ఆటోకే చాలును.” మఱియొక యువకుడు అద్దెయింట నున్నాడు. ఇంటి యజమాని గుంట త్రవ్వనీయలేదు. అతడు మగ్గము విప్పి యటుకపై బెట్టి, షావుకారు షెడ్డులో కూలికి నేయుచున్నాడు. ఇంట తల్లికిని భార్యకును పని పోయినది. నిన్నటిదాక మగ్గమునకు యజమాని, నేడు కూలివాడు. అతని నేర్పు తరుగలేదు. నేల మాత్రమే తరిగినది.

ఇక సొంతయిండ్లు గలవారి యభిప్రాయమును వినుడు. “పేదలకు ఇండ్లు కావలసినదే, మన వీధి చివర మాత్రము వలదు. కాలువ పొంగును, కొళాయినీరు చాలదు, స్థలముల ధర పడిపోవును” అని కొందరు పెద్దలు సెలవిచ్చిరి. కాలువ మాటయు కొళాయి మాటయు న్యాయమైనవే. కార్తిక మార్గశిరములలో వాయుగుండము పట్టినచో మగ్గపు గుంటలలో నీరూరి రోజుల తరబడి పని నిలిచిపోవుట మనమెఱిగినదే. అయితే కాలువ చాలనిచో కాలువ నడుగవలెను గాని, తోడివానిని వలదనరాదు. ధర మాటకు వచ్చినచో, పేదవాని పొరుగున మన గోడ విలువ తగ్గునని భయపడుట మన తాతలు రామనగరమున నేర్చిన పాఠము కాదు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని నేననను. 2020 డిసెంబరు 25న మొదలైన పథకమున పట్టణములలో ఒక సెంటు, పల్లెలలో ఒకటిన్నర సెంటు చొప్పున 30 లక్షలకు పైబడిన కుటుంబములకు, స్త్రీల పేర, స్థలములిచ్చిరి. సెంటనగా 48.4 చదరపు గజములు. అందు 340 చదరపు టడుగుల యిల్లు గట్టినచో మగ్గ మెక్కడ? పట్టణములలో కట్టిన అంతస్తుల గృహసముదాయములందు 300 చదరపు టడుగుల యిండ్లును గలవు. మూడవ యంతస్తున గుంట త్రవ్వుట యెట్లు? పిమ్మట పట్టణమున 2 సెంట్లు, పల్లెన 3 సెంట్లు ఇచ్చుటకు 2025లో నిర్ణయించిరి. మంచిదే. అయినను కొలత పెరిగినంత మాత్రమున చాలదు. అది పనికి దగ్గరనుండవలెను, నేలమీద నుండవలెను, మెరక గలదై యుండవలెను. చవుకయిల్లనగా ధర తక్కువయైన యిల్లని మనము భ్రమించుచున్నాము. ఇంటి ఖర్చు పోగా కుటుంబమునకు కూడు మిగిల్చునదే నిజముగ చవుకయిల్లు. పనిని పోగొట్టు ఇల్లు ఉచితముగ వచ్చినను ప్రియమైనదే.

ఇప్పుడు నా తప్పు. నాకును అద్దెయిండ్లు కలవు. కొన్ని యేండ్ల క్రిందట ఒక కుటుంబము వచ్చి, గుంట త్రవ్వుకొన ననుజ్ఞ కోరిరి. గచ్చు చెడునని నేను వలదంటిని. వారు వెడలిపోయిరి, ఆ కుటుంబము మరల మగ్గము వేయలేదని తరువాత వింటిని. గచ్చు నేటికిని నున్నగనే యున్నది. దానిని చూచినప్పుడెల్ల నాకు సిగ్గగుచున్నది.

కావున ఈ సభవారికి మూడు విన్నపములు. మొదటిది: మనలో అద్దెయిండ్లు గలవారు మగ్గపు గుంటకు సమ్మతించి, కొన్ని సంవత్సరములదాక అద్దె పెంచమని వ్రాతమూలముగ ఒప్పుకొనవలెను. దీనికి ప్రభుత్వముతో పనిలేదు. నేటి సాయంకాలమే చేయవచ్చును. రెండవది: వాటాలు సేకరించి ఒక సహకార గృహనిర్మాణ సంఘమును స్థాపించి, నేతపేటలకు నడచిపోగలిగినంత దూరమున స్థలము కొనవలెను. స్థలము సంఘముదిగనే యుండి, నివాసహక్కు కుటుంబమున కుండినచో, అప్పులవారు దానిని తన్నుకొనిపోజాలరు. మూడవది: నేతవారికిచ్చు ఇండ్లు మగ్గముతో కూడ కొలిచి ఇయ్యవలెనని ప్రభుత్వమునకు మహజరు పంపవలెను. ఆ వీధిలో మనవారు మాత్రమే యుండవలెనని నేను కోరను. నూలుకు రంగు వేయువాడును, అచ్చు కట్టువాడును ఏ కులమువాడైనను మన చీరలో భాగస్వామియే.

నా వంతుగ, నా యిండ్లలో రెండింటిని మగ్గపు గుంటలతో, అయిదేండ్లదాక మారని యద్దెకు ఇచ్చుటకు ఈ సభాముఖమున మాట యిచ్చుచున్నాను. వచ్చు మహాసభలో నన్ను లెక్క యడుగుడు. నన్నే కాదు, ఒకరినొకరు అడుగుడు. విద్యానిధికి చందాలు వ్రాసినట్లే, ఇచ్చిన మగ్గపు చోటులను గూడ మన సంచికలో పేరుపేరున అచ్చువేయుదముగాక.