విషము చూపిన జాడ

తెలుగునాట కంచెలపై వానకారున మంటల వలె పూయు అడవినాభి దుంప నోట పెట్టిన ప్రాణాపాయము. అందలి కాల్చిసిన్ అను విషము జీవకణము రెండుగా చీలుటను నడుమనే నిలిపివేయును. కణమున దేనిని పట్టి నిలుపుచున్నదో చిరకాలము తెలియరాలేదు.

1967లో షికాగో విశ్వవిద్యాలయమున బోరిసీ, టేలర్ అను శాస్త్రజ్ఞులు ఆ విషమునకు రేడియోధార్మిక హైడ్రోజనును చేర్చి జాడ తీసిరి. దొంగను పట్టు కుక్క మెడకు గంట కట్టినట్లన్నమాట! అది యొక మాంసకృత్తును పట్టుకొనెను. వింత యేమనగా, చీలుచున్న కణములందే గాక, చీలిక యెరుగని నాడీకణములతో నిండిన మెదడునందును ఆ మాంసకృత్తు సమృద్ధిగా కానవచ్చెను. 1968లో జపాను శాస్త్రజ్ఞుడు మోహ్రి దానికి ట్యూబ్యులిన్ అని పేరిడెను. సన్నని గొట్టములుగా కూడి, చీలు కణమున క్రోమోసోములను చెరియొక వైపునకు చేర్చునది యిదియే. నాడీకణమున సరకుల రవాణాకు బాట యగునదియు నిదియే. బిళ్ళగన్నేరు నుండి తీసిన విన్‌క్రిస్టిన్, పిల్లల రక్త క్యాన్సరునకు వాడు మందు, దీనినే పట్టును.

అయితే విషము కణమున మరి దేనినైనను చెరుపవచ్చును గదా! అందులకే పరిశోధకులు లూమికాల్చిసిన్‌ను ప్రక్కన పెట్టి చూతురు. అతినీలలోహిత కాంతి సోకి రూపు మారిన కాల్చిసినే యది, ట్యూబ్యులిన్‌ను పట్టదు. రెండును ఒకే ఫలిత మిచ్చినచో, అది ట్యూబ్యులిన్ పని కాదని త్రోసివేయుదురు.