పది సెంట్ల తేడా

(మహిళా దినోత్సవం సందర్భంగా మలేషియాలోని బాగన్ దాతుక్‌ల తెలుగు కుటుంబాల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినట్టే రాసిన.)

 

మీరు తరాల కింద వచ్చినోళ్లు. విశాఖపట్నం, శ్రీకాకుళం దిక్కు పల్లెల నుంచి మీ ముత్తాతలను, ముత్తవ్వలను కంగాణీలు ఓడలెక్కించి పేరాక్ నది ఒడ్డుకు తెచ్చిండ్రు. నేను మొన్న మొన్న వచ్చినదాన్ని. నిజామాబాద్ దిక్కు పల్లెటూరి పిల్లను, ఇప్పుడు కౌలాలంపూర్‌ల ఉంటున్న. మీ తెలుగు నాకు కొంచెం కొత్త, నా తెలుగు మీకు ఇంకా కొత్త. అర్థం గాకపోతే చెయ్యి లేపుండ్రి, ఆగుత.

పొద్దున ఇక్కడ ఒక అవ్వ దగ్గర కూసున్న. చిన్నప్పుడు తల్లి ఎంబడి కొబ్బరి తోటకు పోయేదట. కాయలు ఏరుడు, గడ్డి తీసుడు, కొబ్బరి ఎండబెట్టుడు తల్లి పని. "మీ అమ్మకు కూలీ ఎంత ఇచ్చేటోళ్లు అవ్వా" అని అడిగిన. "అయ్యకన్నా తక్కువే తల్లీ. ఆడమనిషి కదేటి" అన్నది. కోపం లేదు, బాధ లేదు. ఎండ కొడుతున్నది అన్నట్టే అన్నది.

ఆ "కదేటి" గురించే మాట్లాడుదామని నిలబడ్డ.

ఆ తక్కువ కూలీ ఎవరో మేస్త్రీ తన ఇష్టం కొద్ది పెట్టింది కాదు. కాగితం మీద ఉన్నది. 1920ల చివర మలయాల ముఖ్యమైన ఎస్టేట్ ప్రాంతాలల్ల భారతీయ కూలీలకు ఖరారు చేసిన రోజు కూలీ మగవాళ్లకు 50 సెంట్లు, ఆడవాళ్లకు 40 సెంట్లు. 1930ల మాంద్యంల రెండూ కోసిండ్రు. 1936 ఆఖరుకు శ్రీనివాస శాస్త్రి గారు భారత ప్రభుత్వం తరఫున వచ్చి చూసి, పాత 50, 40కే తిరిగి తేవాలని సిఫారసు చేసిండ్రు. మంచి మాటే. కానీ కోత పోయినా పది సెంట్ల తేడా అట్లనే ఉంటది.

ఆ పది సెంట్లు ఎటు పోయినయి? ఆడమనిషి తోటల పని ముగించుకొని వచ్చి లయన్ ఇంట్ల పొయ్యి ముట్టించాలె, నీళ్లు మొయ్యాలె, పిల్లలను చూడాలె. ఆ పనికి సగం సెంటు గూడ లేదు. అంటే ఎక్కువ పనికి తక్కువ లెక్క.

1943ల నేతాజీ సింగపూర్‌ల ఝాన్సీ రాణి దళం పెట్టిండు. కెప్టెన్ లక్ష్మి ముందు నడిచింది. మలయా ఎస్టేట్ల నుంచి ఎందరో ఆడపిల్లలు పోయి తుపాకి పట్టిండ్రు. అప్పుడు నేతాజీ "ఆడమనిషి కదా" అనలేదు. 1945ల దళం రద్దయింది. తోటలకు తిరిగొచ్చినోళ్లు మళ్ల తోటకూలీలే.

అయితే ఆ దళంల పనిచేసిన ఒక తమిళ పిల్ల ఊకోలేదు. రాసమ్మ భూపాలన్. టీచరయింది. 1960ల ఆడ టీచర్ల సంఘం పెట్టి, సమాన పనికి సమాన జీతం కావాలని కొట్లాడింది. ఆ దశాబ్దం అయిపోయేసరికి ఈ దేశంల ప్రభుత్వ ఉద్యోగాలల్ల సమాన జీతం వచ్చింది. ఎవరూ దయతలిచి ఇయ్యలేదు, సంఘం గట్టి అడిగితే వచ్చింది.

ఇగ మా దిక్కు ముచ్చట చెప్త. ఇక్కడివాళ్లనే తప్పుబట్టి పోతే న్యాయం కాదు.

మా నాయిన దుబాయి పోయిండు. మా అమ్మ బీడీలు చుట్టింది. చాట ఒళ్లె పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం కట్టి, పొద్దుగూకే దాక వెయ్యి బీడీలకు కూసునేది. బాగలేవని పక్కకు పారేసిన బీడీలకు పైసలు లేవు. దుబాయి నుంచి వచ్చిన పైసను ఇంట్ల "సంపాదన" అనేటోళ్లు. అమ్మ బీడీల పైసను "ఉప్పు పప్పు ఖర్చు" అనేటోళ్లు. నాయిన పైసలు రాని నెలలు ఎన్నో ఉన్నయి. ఉప్పు పప్పు లేని నెల ఒక్కటి గూడ నాకు యాదికి లేదు.

మా నేల మీద పోరాటాలకు కొదువ లేదు. పాలకుర్తి అయిలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడి తన పంట తాను ఇంటికి తెచ్చుకున్నది. మల్లు స్వరాజ్యం చిన్న వయసులనే దళం నడిపింది. ఆ సాయుధ పోరాటంల పనిచేసిన ఆడవాళ్లను స్త్రీశక్తి సంఘటన వాళ్లు కలిసి, వాళ్ల మాటలను 1986ల "మనకు తెలియని మన చరిత్ర" అని పుస్తకం చేసిండ్రు. పోరాటం ఆగినంక మమ్ముల ఇంటికి పొమ్మన్నరు అన్న బాధ అందుల ఉన్నది.

మన కాలంల ఏమైంది? రోడ్ల మీద బతుకమ్మలు పెట్టినం. వంటావార్పు చేసినం. 2011ల సకల జనుల సమ్మెల 42 రోజులు నిలబడ్డం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మొదటి మంత్రివర్గంల ఒక్క ఆడమనిషి లేదు. 2019 సెప్టెంబర్‌ల ఇద్దరికి చోటు దొరికింది. అయిదేండ్లు దాటినంక. రాష్ట్రం కోసం కొట్లాడిన మనమే ఈ మాట అనకపోతే ఇంకెవరంటరు?

"అన్నదమ్ముల్లెక్క విడిపోదాం" అని మనం ఎన్ని సభలల్ల అనలేదు! అన్నదమ్ములకు వాటా ఉంటదని అందరికీ తెలుసు గనుకనే ఆ మాట అంత సులువుగ వచ్చింది. మరి అక్కచెల్లెండ్లకు? ఉమ్మడి రాష్ట్రంల 1986 చట్టంతోని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిల సమాన హక్కు వచ్చింది, 2005ల దేశమంతట వచ్చింది. చట్టం ఉన్నది. నేనేం చేసిన?

దాచకుండ చెప్త. నాయిన పోయినంక మా అన్న కాగితం తెచ్చిండు. "సంతకం పెట్టు చెల్లె, అందరు పెడ్తరు" అన్నడు. చదువుకున్నదాన్ని, నీళ్లల్ల, నిధులల్ల, నియామకాలల్ల మా వాటా ఏదని సభలల్ల అడిగినదాన్ని. చదవకుండనే సంతకం పెట్టిన. ఎందుకు? పుట్టింటి తొవ్వ మూసుకపోవద్దని. అన్న చెడ్డోడు కాదు. పండుగకు చీర పెడ్తడు, ఫోన్ చేస్తడు. చీర ఆయన ప్రేమ. భూమి నా హక్కు. రెండింటినీ ఒక్కటి చేసుడే మోసం.

ఈ దేశానికి డిపెండెంట్ పాస్ మీద వచ్చిన. పని చెయ్యాలంటే మళ్ల వేరే అనుమతి కావాలె. ఎంసీఏ చదివి, నాలుగేండ్లు "మీ ఆయన ఏం చేస్తరు" అన్న ప్రశ్నకే జవాబు చెప్పిన. "మీరేం చేస్తరు" అని ఎవరూ అడగలే. ఇంట్ల చేసేది పనే కాదన్నట్టు. ఆ పది సెంట్లు నాదాక వచ్చినయన్నమాట, అవ్వా.

కాబట్టి మూడు మాటలు అడుగుత.

ఒకటి, ఇండ్లల్ల. ఇల్లు కొంటే, బ్యాంకు ఖాతా తెరిస్తే ఇద్దరి పేర్లు రాయండి. తోటల ఇల్లు కంపెనీది, పని పోతే ఇల్లు పోతదన్న సంగతి మీకు తెలిసినంత ఎవరికీ తెల్వదు. కాగితం మీద పేరు లేకుంటే ఏమైతదో మీకు నేను చెప్పాల్నా?

రెండు, సంఘాలల్ల. మన ఏ సంఘమైన తీసుకోండి. ఉగాదికి పచ్చడి చేసేది ఆడోళ్లు, బతుకమ్మ పేర్చేది ఆడోళ్లు, స్టేజీ మీద దీపం పట్టుకునేది ఆడోళ్లు. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఎవరు? వచ్చే ఎన్నికల పైసల లెక్క రాసే కుర్చీ ఒక ఆడమనిషికి ఇయ్యండి. మహిళా విభాగం అని పక్కకు గది కట్టుడు కాదు.

మూడు, ఆడపిల్లలకు. అన్న తెచ్చినా, మొగడు తెచ్చినా, కొడుకు తెచ్చినా, చదవని కాగితం మీద సంతకం పెట్టకండి. ఇది నేను చెయ్యలేక నేర్చుకున్న మాట.

"ముందు అందరి హక్కు రానీ, ఆడోళ్ల సంగతి తర్వాత చూద్దాం" అని కొందరు అన్నలు అంటరు. రాష్ట్రం అడిగినప్పుడు మనకు గూడ "ముందు అభివృద్ధి, తర్వాత చూద్దాం" అన్నరు. ఆ "తర్వాత" అంటే ఏందో మనకు ఎరుకే కదా అన్నా!

 వంటింట్ల గిన్నెలు కడుగుతున్న అక్కలు ఈ మాటలు వినలేదు. లేవండి అన్నలూ, ముందు ఆ గిన్నెల పని పడదాం.