రొయ్య పిల్లకు తొలి ముద్ద

గౌలిపురలో రొయ్యలు కొను గృహిణి చూచునది వాని తాజాదనమును, ధరను మాత్రమే. ఆ రొయ్య తన తొలి నెల దినములలో ఏమి తిని బ్రతికినదను ప్రశ్న ఆమెకు రాదు. మంచినీటి రొయ్యల పెంపకమంతయు ఆ ప్రశ్న మీదనే నిలిచియున్నది.

మన గోదావరి, కృష్ణా నదులలో దొరకు నీలకంఠ రొయ్య మంచినీట పెరుగునదే. కాని దాని పిల్లకు మంచినీరు పనికిరాదు. తల్లి గ్రుడ్లను పొట్టక్రింద మోయుచు నదీముఖమునకు దిగివచ్చును. 1960 దశాబ్దపు ఆరంభమున పెనాంగ్‌లో డాక్టర్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు ఎంత ప్రయత్నించినను పిల్లలు కొలది దినములలోనే చనిపోవుచుండెను. వానికి కొంత ఉప్పుగల నీరు కావలెనని తుదకు తేలినది. సముద్రజలములోని ఉప్పదనమున మూడవ వంతు చాలును.

నీరు కుదిరిన పిమ్మట తిండి సమస్య. పొదిగిన దినమున పిల్ల తనలోని పచ్చసొనతోనే గడుపుకొనును. మరునాటినుండి ఆకలి మొదలగును. అది రెండు మిల్లీమీటర్ల ప్రాణి. తలక్రిందుగా ఈదును. తిండిని వెదకి వెంటాడలేదు, ఎదురైనదానినే పట్టుకొనును. అందుచేత నీటియందంతటను ఆహారము తేలియాడుచుండవలెను. ఆర్టీమియా అను ఉప్పునీటి జీవి గ్రుడ్లు ఎండిన పొడివలె డబ్బాలలో లభించును. ఉప్పునీట వేసిన సుమారొక దినమునకు అవి పొదుగును. ఆ సజీవమైన నలుసులే తొలి ముద్ద.

ఆ గ్రుడ్లు వెలగలవి. కనుక కొన్ని దినములైన పిదప కోడిగ్రుడ్డు, పాలపొడి, ఆల్చిప్పల మాంసము కలిపి ఆవిరిపై ఉడికించి, జల్లెడపట్టి పగటివేళ పెట్టుదురు. పిల్ల ఎదిగినకొలది జల్లెడ కన్నులు పెద్దవి కావలెను. రాత్రికి మరల ఆర్టీమియా యిత్తురు.

ఎంత పెట్టవలెను? తక్కువైనచో అవి ఒకదానినొకటి తినును. ఎక్కువైనచో మిగులు కుళ్లి నీటిని చెరచి, తొట్టి మొత్తమును చంపును. తూకముకంటె కన్ను ముఖ్యము. మేత వేసిన వెంటనే ప్రతి పిల్లయు ఒక నలుసు పట్టుకొనియున్నచో అది చాలినట్లు. మిగిలినదానిని ప్రతిదినము తీసివేయవలెను.

ఇట్లు పదునొకండు దశలు దాటి, సుమారు నెల దినములలో పిల్ల రొయ్య రూపము దాల్చి మంచినీటికి అలవాటు పడును. సముద్రగాలి సోకని తెలంగాణ చెరువున పెరుగు రొయ్యకును తొలినాటి తిండి ఉప్పునీటిలోనిదే. ఆ నెల దినములు తొట్టి ప్రక్కన మేలుకొనియున్నవాని శ్రద్ధయే మన కంచములోనికి వచ్చుచున్నది.