మ్రాకులను కుళ్లబెట్టు కుక్కగొడుగుల జాతినిర్ణయము
(రైతుల సభయందు చేయబడిన ఉపన్యాసము)



కొబ్బరిచెట్టు మొదట లక్క పూసినట్లు ఎఱ్ఱగా నిగనిగలాడు కుక్కగొడుగు పుట్టినయెడల, దానిని కత్తితో చెక్కి పారవేసి తెగులు పోయినదని తలచువారు పెక్కురు కలరు. పైకి కనబడునది కాయవంటిది మాత్రమే. తిండి తిను భాగము సన్నని దారముల రూపమున వేళ్లయందును మొదటియందును అంతకు ముందే వ్యాపించియుండును. కాయ కోసినంతమాత్రమున చెట్టు చావదు గదా!

ఈ గణమునకు గానోడెర్మా యని పేరు. 1781లో ఇంగ్లండు దేశమున విలియం కర్టిస్ అను పండితుడు లండను చెంత దొరకిన యొక గొడుగునకు ‘నిగనిగలాడునది’ అను అర్థమున లూసిడం అని పేరిడెను. 1881లో ఫిన్లండు దేశస్థుడగు కార్‌స్టెన్ ఈ గణము నేర్పఱచెను. పిమ్మట ఏ దేశమున ఏ చెట్టుపై నిగనిగలాడు గొడుగు కనబడినను దానికి ఆ పేరే తగిలించుచు వచ్చిరి. మెఱుగు చూచి బంగారమనుట వంటిదే యిది. చీనా వైద్యులు వాడు గొడుగు సైతము చిరకాలము లూసిడమనియే చెల్లి, 2012లో గాని లింగ్‌జీ యను వేఱు జాతిగా తేలలేదు. 1952లో తంజావూరు కొబ్బరితోటలలో గుర్తింపబడిన తెగులునకు కారణమైన గొడుగును గూడ గ్రంథములు లూసిడమనియే వ్రాసినవి.

పేరుతో రైతునకేమి పని యందురేమో. గట్టుమీది కానుగ మొదటను, తోటలోని కొబ్బరి మొదటను గొడుగులు పుట్టినవనుకొనుడు. రెండును ఒక్క జాతియైనచో కానుగ వేళ్లనుండి తెగులు తోటలోనికి ప్రాకవచ్చును. కానిచో మంచి చెట్టును వృథాగా నఱికినవారగుదురు.

గానోడెర్మా గొడుగు అడుగున రెక్కలుండవు, సన్నని రంధ్రములుండును. పచ్చి గొడుగును తెల్లకాగితముపై ఒక రాత్రి యుంచినచో గోధుమరంగు పొడి రాలును. సూక్ష్మదర్శనిలో ఆ రేణువులకు రెండు పొరల గోడ కనబడును. ఇది సోకిన కొయ్య తెల్లబడి, మెత్తనై నారలుగా విడిపోవును. కొయ్య గోధుమవన్నెకు తిరిగి, పలకలుగా పగిలి, నలిపిన పొడియైనచో అది మఱియొక గణపు పనియని తెలియవలెను. ఇంతవరకు రైతు తానే చూడవచ్చును. గణములో ఏ జాతియో తేల్చుటకు మాత్రము బీజద్రవ్యపరీక్ష కావలెను; మిక్కిలి దగ్గరి జాతులయందు అదియు ఒక్కొక్కప్పుడు చాలదు.

కావున గొడుగును తుంచక, మొదలంటిన కొయ్యముక్కతో సహా తీసి, నీడను ఆరబెట్టి, కాగితమున చుట్టి పరీక్షకు పంపవలెను. తడిగుడ్డలో చుట్టినచో దారిలోనే బూజు పట్టును. ఏ చెట్టు, బ్రదికినదా చచ్చినదా, నేలనుండి ఎంత యెత్తున పుట్టినది, అడుగుభాగము పచ్చిగా నున్నప్పుడు ఏ రంగు అను సంగతులు వ్రాయవలెను. ఈ చీటి లేని గొడుగు పండితునకు సగమే పనికివచ్చును.

జవాబు వచ్చులోపల రోగపుచెట్టు చుట్టు కందకము త్రవ్వి, దాని పాదునీరు ప్రక్కచెట్టునకు పోకుండ కట్టివేయవలెను. ప్రక్కనున్న మంచి చెట్లకు ఏటేట చెట్టుకు 5 కిలోల వేపపిండి వేయవలెను. చచ్చిన చెట్టును మొద్దు విడిచి నఱుకరాదు. వేళ్లతో పెకలించి అక్కడనే కాల్చవలెను.