భద్రాచలం వస్తే ఏం తినాలి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మా మనవడు ఇటలీలోని బొలోన్యా నగరం చూసి వచ్చాడు. 1088లో స్థాపించారని చెప్పే విశ్వవిద్యాలయం ఉన్న పాత ఊరు. గోధుమపిండిలో గుడ్డు కలిపి, పలుచగా ఒత్తి, నాడాల్లా కోసి, మాంసం గుజ్జుతో తినడం అక్కడ ప్రసిద్ధమట. తింటూనే ఊరి చరిత్ర తెలుసుకున్నానన్నాడు. "తాతయ్యా, మరి భద్రాచలం వస్తే ఏం తినాలి?" అని అడిగాడు. "బస్టాండు దగ్గర ఇడ్లీ బాగుంటుంది" అన్నాను. ముప్పయ్యేళ్లకు పైగా ఆ ప్రాంతంలో ఉద్యోగం చేసినవాడి జవాబు అది! సరైన జవాబు ఈరోజు మీ ముందు మనవి చేసుకుంటాను.

మొదట గుడి. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. మిరపకాయను మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువారు. అంతకుముందు మన వంటల్లో ఘాటుకు మిరియాలే ఆధారం. పానకంలో ఇప్పటికీ మిరియమే వేస్తాం. గుడి కట్టించిన కంచర్ల గోపన్న గారు పాల్వంచ పరగణా తహసీల్దారు. అంటే రెవెన్యూ శాఖలో మనకందరికీ సీనియర్! ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టి గోల్కొండ చెరసాలకు వెళ్లారు.

ఇక అడవి. నవమి రోజుల్లోనే అక్కడ ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామున కోయ ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో ఏరి, ఎండబెట్టి, వానాకాలానికి దాచుకుంటారు. ఇళ్లలో గింజలు నిండుకునే రోజులవి. మనబోటివాళ్లకు ఇప్ప అనగానే సారాయే గుర్తొస్తుంది. నాకూ అంతే.

1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు పెరిగింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. మెరక మీద ఒక బడిలో శిబిరం. సరుకుల రిజిస్టరు నా దగ్గర. బియ్యం లారీ రాలేదు. ఒక కోయ ముసలమ్మ మూట విప్పి ఇప్పపువ్వు ఉడకేయబోతోంది. "ఇక్కడ సారా కాస్తావా?" అని కేకలేసి, మూట లాక్కొని గదిలో పెట్టి తాళం వేశాను.

"సారా కాదు సారూ, పిల్లల కూడు" అంది. నేను వినలేదు. ఆ రాత్రి ఆమె మనవలిద్దరూ ఏడ్చి ఏడ్చి పస్తు పడుకున్నారు.

తెల్లవారాక మా అటెండరు మెల్లగా చెప్పాడు: "అయ్యా, మేమూ అది తినే పెరిగాం." మూట తిరిగి ఇచ్చాను. తప్పయిందనడానికి నోరు రాలేదు. ఆమె మాత్రం ఉడికిన పువ్వు అడ్డాకు దొప్పలో పెట్టి ముందు నాకే ఇచ్చింది. ఎండుద్రాక్షలా తియ్యగా, కాస్త పొగవాసనతో ఉంది. రిజిస్టరులో "సారా సరుకు" అని రాసినది కొట్టివేసి, "ఆహారం" అని దిద్ది పొట్టి సంతకం చేశాను.

ఇప్పుడు ఆదిలాబాద్ వైపు గిరిజన మహిళలు ఇప్పపువ్వుతో లడ్లు చేసి అమ్ముతున్నారు. సంతోషం. ఈసారి మనవడు వస్తే ముందు గుడిలో పానకం తాగించి, తర్వాత అడవి దారిన ఒక కోయ ఇంటికి తీసుకెళ్తాను. ఆ ముసలమ్మ ఇప్పుడు ఉండదు. ఆనాడు చెప్పలేని మాట ఆ ఇంటివాళ్లకైనా చెప్పుకుంటాను.

మీరూ పిల్లలతో వెళ్లిరండి. షుగరున్నవాళ్లు మాత్రం డాక్టరు గారినడిగి తినండి. సెలవు.