మంద నిలవాలంటే మట్టి నిలవాలి



మన తాతముత్తాతలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతా తిరిగారు. ఆ బిడారునే మనం లదేని అంటాం. రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. తాండాలు ఒకచోట నిలిచాయి, పశువులు మాత్రం మనతోనే ఉన్నాయి. సంత్ సేవాలాల్ మహారాజ్ పశువులు కాసినవారే. నేటికీ వానాకాలంలో సీత్లా పండుగ చేసి, మందలు చల్లగా ఉండాలని మొక్కుతున్నాం. మంద చల్లగా ఉండాలంటే దాని కాళ్ల కింది మట్టి బాగుండాలి. ఈరోజు ఆ మాటే చెప్పుకుందాం.

ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తగ్గేసరికి పశువులకు దొరికే చెరకు ఆకూ తగ్గింది. వరి కోతకు హార్వెస్టర్లు వచ్చాయి, మిగిలిన గడ్డికి పొలంలోనే అగ్గి పెడుతున్నారు. ఒకపక్క మేత లేదని మేకలను అంగడికి తోలడం, ఇంకోపక్క మేతను కాల్చడం! జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి ఎంతమంది గల్ఫ్‌కు పోతున్నారో మీకు తెలుసు. పోయేముందు ఇంటి దగ్గరున్న భూమి, మంద ఎంత ఇస్తాయో ఒకసారి లెక్క వేయండి.

రెండెకరాల చెల్క, రెండు ఆవులు, పది మేకలున్న ఇల్లు అనుకుందాం.

మేక రోజుకు తన బరువులో సుమారు పదో వంతు పచ్చిమేత తింటుంది. 25 కిలోల మేకలు పదికి రోజుకు 25 కిలోలు కావాలి. అన్నిటినీ ఒకే బీడులో రోజూ వదిలితే గడ్డి వేరుతో సహా పోతుంది, వానకు మట్టి కొట్టుకుపోతుంది. బీడును ఐదు ముక్కలు చేయండి. వారానికి ఒక ముక్కలో మేపితే మిగిలినవాటికి నాలుగు వారాల విశ్రాంతి దొరుకుతుంది. గడ్డి మళ్లీ లేస్తుంది, పురుగుల బెడద కూడా తగ్గుతుంది.

గెట్ల మీద అవిశ, గ్లిరిసీడియా, సుబాబుల్ పెట్టండి. అదే కంచె, అదే ఎండాకాలం మేత. సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడో వంతు దాటనీయకండి, ఎక్కువైతే పశువుకు చేటు. నేల వాలుగా ఉంటే వాలుకు అడ్డంగా కందకాలు తీయండి. నీరు ఆగితే మట్టీ ఆగుతుంది.

ఇక పేడ. ఒక్కో ఆవు రోజుకు 10 కిలోలు వేసినా, రెండింటికి ఏడాదికి 7 టన్నులు దాటుతుంది. దాన్ని దారిపక్కన కుప్ప పోస్తే సారమంతా వానకు ఒర్రెలో కలుస్తుంది. చెట్టు నీడన గుంత తీసి, కొట్టంలో మూత్రం తడిసిన మట్టి, తినగా మిగిలిన గడ్డి కలిపి, పైన మట్టితో కప్పండి. యూరియా బస్తాల ఖర్చు తగ్గుతుంది. మేకలను రాత్రిపూట చేనులోనే మంద పెట్టినా ఎరువు నేరుగా నేలకు చేరుతుంది.

వరిగడ్డిని కాల్చనీయకండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి పోకుండా 21 రోజులు కప్పి ఉంచితే పశువులు ఇష్టంగా తినే మేత అవుతుంది. పెట్టేముందు కాసేపు గాలికి ఆరనివ్వాలి. లేత దూడలకు పెట్టొద్దు. యూరియాను ఎప్పుడూ నేరుగా తినిపించొద్దు, ప్రాణం పోతుంది. మొదటిసారి పశువైద్యుణ్ని అడిగి చేయండి.

చివరగా హక్కు సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ పశువులను మేపుకునే హక్కును గుర్తించింది. అదే చట్టం ఐదో సెక్షన్ అడవిని, నీటి వనరులను కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. మేపే హక్కు, కాపాడే బాధ్యత ఒకే చట్టంలో ఉన్నాయి. 2023 జూన్‌లో పోడు పట్టాలు అందుకున్న ఇళ్లు మనలో ఉన్నాయి. పట్టా కాగితం పెట్టెలో భద్రంగానే ఉంటుంది, మట్టి మాత్రం మనం ఆపకపోతే వాగులో పోతుంది.

చదువుకున్న మీరు ఈ వానాకాలం ఇంటికో పేడ గుంత తీయించండి, గెట్టుకు పది మొక్కలు పెట్టించండి. మందను ఎలా తిప్పాలో పెద్దలకు తెలుసు, దాన్ని రాసి పెట్టుకోవడం మీకు తెలుసు. ఇద్దరూ కలిసి కూర్చోండి.

జై సేవాలాల్.